పక్కసీటు అద్దం

"పైకి చూడు," అన్నాను.

డెట్లెఫ్ మంచం అంచున కూర్చుని తల వెనక్కి వాల్చాడు, నోరు కొంచెం తెరిచాడు. కళ్ళలో మందు వేస్తుంటే ఈ మగవాళ్ళు నోరెందుకు తెరుస్తారో నాకిప్పటికీ అర్థం కాదు. కుడికంట్లో ఒక చుక్క, ఎడమకంట్లో ఒక చుక్క. తర్వాత ముక్కు పక్కన వేలితో నొక్కి ఒక నిమిషం పట్టుకోవాలి. అతనికి అంత ఓపిక ఉండదు కాబట్టి ఆ వేలు కూడా నాదే. రెండేళ్ళుగా పొద్దునా సాయంత్రం ఇదే పని. సీసా అయిపోవచ్చిందని గుర్తుంచుకునేది నేను, మందులషాపుకి వెళ్ళేది నేను, ప్రయాణాల్లో చేతిసంచిలో నిలబెట్టి మోసేది నేను. "నీకు కళ్ళ సంగతి తెలుసు కదా" అంటాడు. తెలుసు. కళ్ళజోళ్ళ షాపులో ఇరవై రెండేళ్ళుగా పని చేస్తున్నాను.

"ఇవాళ నాకు అరవై," అన్నాడు కళ్ళు మూసుకునే. "ఈ ఒక్కరోజూ నా కళ్ళ గురించి ఎత్తకు గెజీనె. నాకు నువ్విచ్చే బహుమతి అదే అనుకుంటాను."

కొడుకిచ్చిన బహుమతి వేరే ఉంది. నూర్బుర్గ్‌రింగ్ అనే రేసు ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, అద్దెకారుతో సహా. టోర్బెన్ మార్చిలోనే కవరులో పెట్టి పంపాడు. దానికోసమే మా ఊరు లేర్ నుంచి నాలుగువందల కిలోమీటర్లు కారులో వచ్చి, అడెనౌలో ఈ చిన్న లాడ్జిలో దిగాం. గది వెతికింది నేను, సెలవు పెట్టింది నేను, పక్కింటావిడకి పిల్లి బాధ్యత అప్పజెప్పింది నేను. కారు నడిపింది మాత్రం అతను. మా పెళ్ళయిన ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇద్దరం ఒకే కారులో ఉన్నప్పుడు నేను స్టీరింగ్ పట్టుకున్నది రెండుసార్లు. ఒకసారి అతను తాగి ఉన్నాడు, ఒకసారి చెయ్యి విరిగింది. "నువ్వు నడిపితే నాకు కడుపులో తిప్పుతుంది" అంటాడు, నవ్వుతూ, నలుగురిలో.

మా దేశంలో స్టీరింగ్ ఎడమపక్క, పక్కసీటు కుడిపక్క. ఆ పక్కసీట్లో కూర్చున్న మనిషికి ఒక పని ఉంటుంది. కూడలిలో కుడినుంచి వచ్చేవాళ్ళకే ముందు దారి కాబట్టి, అది రాగానే నడిపేవాడు "కుడివైపు?" అంటాడు. పక్కనున్న మనిషి మెడ తిప్పి చూసి "ఖాళీ" అంటుంది. మా అమ్మ అనేది, మా నాన్న పక్కన కూర్చుని, ఒళ్ళో బంగాళాదుంపల సలాడ్ గిన్నె పెట్టుకుని. అది మర్యాద, అలవాటు, కాపురంలో ఒక భాగం. అతను అడగడం, నేను చెప్పడం. రెండేళ్ళ కిందటి దాకా మాకూ అంతే.

డెట్లెఫ్‌కి వచ్చిన నీటికాసుల జబ్బులో ఉన్న దగా ఏమిటంటే, కనిపించని చోట నల్లగా ఉండదు. మెదడు చుట్టుపక్కల ఉన్న రంగు తెచ్చి అక్కడ అతుకు వేస్తుంది. రోడ్డు బూడిదరంగైతే బూడిదరంగు అతుకు, చెట్లుంటే ఆకుపచ్చ అతుకు. ఆ అతుకులో సైకిలు మీద పిల్ల ఉన్నా రోగికి చెట్లే కనిపిస్తాయి. డాక్టరమ్మ డెట్లెఫ్‌ని గిన్నెలాంటి యంత్రం ముందు కూర్చోబెట్టి, వెలుగు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమంది. నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. కుడిపక్క వెలుగులు వచ్చాయి, పోయాయి, అతని బొటనవేలు కదల్లేదు. ఎడమపక్కా అంతే, కొంచెం నయం. తర్వాత కాగితం చూపించింది. ఒక్కో కంటి బొమ్మలో మధ్యన ఒక చిన్న తెల్లటి కిటికీ, చుట్టూ నలుపు. "మిస్టర్ ఐలర్స్, మీరు కారు నడపకూడదు" అంది. డెట్లెఫ్ తల ఊపాడు, వాతావరణం గురించి విన్నట్టు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. "నేను ఎవరికీ చెప్పలేను, రోగి రహస్యం కదా. మీరు చూసుకుంటారుగా?"

నేను చూసుకోవడం మొదలుపెట్టాను. అంటే నిజంగానే చూడడం. కుడివైపు ఖాళీ. కుడివైపు ఆగు. కుడివైపు ముసలాయన, కుక్క, చెత్తబండి. అతను అడక్కముందే చెప్పడం నేర్చుకున్నాను, అడగాల్సి వస్తోందని అతనికి అనిపించకుండా. ఎడమపక్కకి తనే మెడ బాగా తిప్పి చూసుకునేవాడు. మా కారుకి రెండేళ్ళలో ఒక్క గీత పడలేదు. "చూశావా, ఆ డాక్టర్లు అలాగే భయపెడతారు" అన్నాడు పోయిన క్రిస్మస్‌కి బాతు కోస్తూ. ఆ మాటకి మా అత్తగారు కూడా గర్వంగా తల ఊపింది. "మీ మామగారు ఎనభై ఒకటో ఏట కూడా ట్రాక్టరు నడిపారు. మగాడి చేతిలోంచి స్టీరింగ్ లాక్కుంటే ఇంకేం మిగుల్తుందమ్మా వాడికి?" నాకు కక్కలేక మింగలేక అయింది. టోర్బెన్‌ని వంటింట్లోకి పిలిచి ఆ కాగితం చూపించాను. వాడు దాన్ని లైటు కింద పట్టుకుని చూశాడు. "నాన్న మిగతా వాళ్ళకంటే సగం కంటితోనే బాగా నడుపుతాడమ్మా. అయినా నువ్వు పక్కనుంటావుగా" అన్నాడు. మూడు నెలలకి ఈ కవరు పంపాడు.

ఇందులో నన్ను నేను క్షమించుకోలేనిది ఒకటుంది. మా షాపులో, లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకునే పిల్లలకి కంటిపరీక్ష చేసేది నేనే. మా యజమాని నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్నవాడు, కస్టమర్ల ముందు "మా గెజీనె కాఫీ అద్భుతంగా పెడుతుంది" అంటాడు. కానీ ఆ చిన్న గదిలో ఆ స్టాంపు నా చేతిలో ఉంటుంది. ఒక పంతొమ్మిదేళ్ళ అమ్మాయికి ఎడమకన్ను ఒక్క వరుస తక్కువ చదివిందని వెనక్కి పంపించాను. ఆ అమ్మాయి ఏడ్చింది. "రోడ్డు మీద నువ్వొక్కదానివే ఉండవమ్మా" అని నీతులు చెప్పాను. సాయంత్రం డెట్లెఫ్ నన్ను తీసుకెళ్ళడానికి కారులో వచ్చాడు. తేలు కుట్టిన దొంగలా ఎక్కి కూర్చున్నాను.

*

అద్దెకార్లవాళ్ళ షెడ్డు ట్రాక్ గేటుకి ఎదురుగానే ఉంది. ఆదివారం, ఎండ కాస్తోంది, అయినా కొండమీద గాలి చల్లగా ఉంది. మాకు కారు అప్పజెప్పిన మనిషి పేరు యుప్. యాభై దాటినవాడు, ఎండకి కమిలిన మెడ, ఆ ఊరివాడే. ఇక్కడ అందరికీ అందరూ "నువ్వే". బ్యాంకు మేనేజరైనా, బస్సు డ్రైవరైనా.

"డెట్లెఫ్, సంతకం ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. తాగలేదుగా? మందులేమైనా? ఆరోగ్యం బాగానే ఉందా?"

"రాయిలా ఉన్నా."

"అయితే రాయికి కూడా ఒక టిక్కు పెట్టు."

డెట్లెఫ్ టిక్కు పెట్టాడు. కలం కాగితం మీద ఎక్కడ ఆనాలో వేలితో చూపించింది నేనే. యుప్ గమనించలేదు, ఎవరూ గమనించరు, భార్యలు అలాంటివి చూపిస్తూనే ఉంటారు. ఆ క్షణంలో చెప్పొచ్చు. నాలుగు మాటలు చాలు. నోరు తెరిచాను కూడా. డెట్లెఫ్ ముఖం చూశాను. పదేళ్ళ పిల్లాడికి సైకిలు కొనిచ్చినట్టుంది. అరవయ్యో పుట్టినరోజు. నోరు మూసేశాను.

చిన్న ఎర్రకారు. వెనక సీట్లు పీకేసి ఇనపగొట్టాల చట్రం బిగించారు. సీటులో కూర్చుంటే తొట్టిలో కుక్కినట్టుంది, నాలుగు పట్టీల బెల్టు. యుప్ వంగి నా పట్టీలు బిగించి, ముందు అద్దానికి నా వైపు రబ్బరుతో అతికించిన ఒక గుండ్రటి చిన్న అద్దాన్ని నాకు కనబడేలా తిప్పాడు.

"ఇదేంటి?" అన్నాను.

"పెళ్ళాల అద్దం. పక్కసీటుకి కూడా పని ఉండాలిగా. విను డెట్లెఫ్, ఇది పేరుకి రోడ్డే, డబ్బు కట్టి ఎవడైనా రావచ్చు. వెనకనుంచి వచ్చేవాడు నీకంటే రెండింతలు వేగంగా వస్తాడు, అదీ ఎడమపక్కనుంచి, ఎప్పుడూ ఎడమపక్కనుంచే. నువ్వు కుడి ఇండికేటర్ వేసి కుడిపక్కకి నక్కు, వాణ్ణి పోనీ. కార్లే కాదు, బైకులూ ఉంటాయి. మా దగ్గర ఒక మాటుంది, ముందు చూసినవాడు మలుపు తిరుగుతాడు, వెనక చూసినవాడు ఇంటికి పోతాడు."

"వెనక చూడ్డానికి నా మనిషి ఉంది," అన్నాడు డెట్లెఫ్ నా మోకాలు తట్టి.

ఎప్పుడూ ఎడమపక్కనుంచే. రెండేళ్ళుగా నేను కాపలా కాసింది కుడిపక్క. ఎడమ అతనిది. ఊళ్ళో యాభై కిలోమీటర్ల వేగంలో మెడ తిప్పి చూసుకోవచ్చు. ఇక్కడ మెడ తిప్పేలోపు వచ్చేవాడు వచ్చేస్తాడు.

గేటు దగ్గర కార్డు చూపించాం, అడ్డుకర్ర లేచింది.

ఆ ట్రాక్ ఎలా ఉంటుందని తర్వాత మా షాపులో వాళ్ళు అడిగితే చెప్పలేకపోయాను. ఇరవై కిలోమీటర్లకి పైన, అడవిలో, కొండ ఎక్కి దిగే రోడ్డట. లోకంలో నలుమూలలనుంచీ దానికోసం వస్తారట. నేను ముందుకి చూడలేదు. అరచేయంత అద్దంలో, వెనక్కి పారిపోతున్న రోడ్డు చూస్తూ కూర్చున్నాను. ముందు మలుపుందని నాకు తెలిసేది, నా తల తలుపుకి కొట్టుకున్నప్పుడు. దిగుడుందని తెలిసేది, కడుపు గొంతులోకి వచ్చినప్పుడు. "తెల్లకారు వస్తోంది, ఎడమ. పోయింది. ఇంకొకటి. రెండు. కుడికి జరుగు. ఉండు, ఇంకా ఉండు. పోయాయి." కొంతసేపటికి నా గొంతు నాదిలా లేదు. రైల్వేస్టేషన్లో ప్రకటనల్లా ఉంది.

"భలే చెప్తున్నావే," అన్నాడు డెట్లెఫ్. "మనిద్దరం జట్టు గెజీనె, జట్టు."

సంతోషంగా ఉన్నాడు. ఆ సంతోషం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే అది అబద్ధం కాదు. ఆ చిన్న తెల్లటి కిటికీలోంచి అతను రోడ్డు చూస్తున్నాడు, గీత తప్పకుండా నడుపుతున్నాడు, నిజంగానే బాగా నడుపుతాడు. కిటికీ బయట ఏముందో అది మాత్రం నా మెడనరాల మీద ఉంది. మెడ పట్టేసింది. రెప్ప వెయ్యడానికి భయమేసింది. రెప్ప వేసిన క్షణంలో ఎవరో ఒకరు వస్తారని.

జనం గడ్డిమీద కూర్చుని చూసే చోటు దాటాక, ఏదో గుంటలాంటి దాంట్లోంచి కారు పైకి ఎగిరి పడింది. అద్దం వణికి ఒరిగిపోయింది. చేత్తో సరిచేశాను. అందులో ఒక నీలం బైకు కనిపించింది, చాలా దగ్గరగా. వెంటనే కనిపించడం మానేసింది. అద్దంలో లేదంటే వెళ్ళిపోయిందని కాదు, పక్కకి వచ్చేసిందని. సరిగ్గా అప్పుడే, ముందు రాబోయే కుడి మలుపుని వెడల్పుగా తీసుకోవడానికి కాబోలు, డెట్లెఫ్ కారుని ఎడమకి జరుపుతున్నాడు, నిదానంగా, తీరిగ్గా, ఖాళీ రోడ్డు మీద జరిపినట్టు.

నేను అరిచాను. ఏమని అరిచానో నాకు తెలీదు, మాటలు కాదనుకుంటాను. బ్రేకుల చప్పుడు వినిపించింది, మావి కావు. అద్దంలో బైకు మళ్ళీ వచ్చింది. ముందుచక్రం గడ్డి అంచుమీద ఊగుతోంది. ఇనుప కంచెకి అర మీటరు కూడా లేదు. ఒక కాలు నేలకి తగిలింది, మళ్ళీ లేచింది. బైకు నిలబడింది. పడలేదు.

"చెవులు పగిలిపోయాయి. ఏమయింది?" అన్నాడు డెట్లెఫ్.

"బైకు."

"ఏ బైకు?"

"ఇప్పుడు. ఎడమపక్కన. నువ్వు..."

అతను మెడ తిప్పి చూశాడు. "ఎక్కడ? ఎవరూ లేరే."

ఆ తర్వాత గేటు దాకా ఆ బైకు మా వెనకే వచ్చింది, దూరంగా, నెమ్మదిగా, దగ్గరికి రావడానికి భయపడుతూ. నేను అద్దంలో దాన్నే చూస్తున్నాను. డెట్లెఫ్ ఈల వేస్తున్నాడు.

*

పార్కింగులో డెట్లెఫ్ కాఫీకి వెళ్ళాడు. నేను కారు పక్కన నిలబడ్డాను. నీలం బైకు కొంచెం అవతల ఆగింది. దిగిన మనిషి గడ్డం కింది పట్టీ ఊడదీసుకోవడానికి చాలాసేపు తంటాలుపడింది. హెల్మెట్ తీస్తే నెరిసిన జడ. నా వయసే ఉంటుంది. తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"నేను మీ ఆయనకి కనిపించలేదా?" అంది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని.

"క్షమించు. నాదే తప్పు," అన్నాను. "నేను చెప్పడం ఆలస్యమైంది. అద్దం కదిలిపోయింది, నేను..."

ఆమె నా ముఖం చూసింది. "నడిపింది నువ్వు కాదుగా," అంది.

అంతే. ఇంకేమీ అనకుండా వెళ్ళి గోడ మీద కూర్చుని మోకాళ్ళమీద చేతులు ఆనించుకుంది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో తప్పు నాదని నేనన్నప్పుడు కాదన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతుక్కున్నాను. గుర్తు రాలేదు. కూర మాడితే నాదే, టోర్బెన్ ఫెయిలైతే నాదే, వానొస్తే గొడుగు తేని తప్పు నాదే. చివరికి ఒక మనిషి చావబోతే, అదీ నా అద్దం తప్పే. ఎంత తొందరగా ఒప్పేసుకున్నాను. నన్నెవరూ అడగకముందే.

డెట్లెఫ్ రెండు కాగితపు కప్పులతో వచ్చాడు. "తాగు, తొందరగా. ఇంకా మూడు రౌండ్లున్నాయి."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నువ్వొక మనిషిని చంపబోయావు, ఆమె అదిగో ఆ గోడ మీద ఉంది, వెళ్ళి చూడు అని. నాకు వచ్చిన విద్య ఒక్కటే, అతని పరువు నిలబెట్టి నా ఒంటిమీద వేసుకోవడం. "నాకు కడుపులో తిప్పుతోంది డెట్లెఫ్. కళ్ళు తిరుగుతున్నాయి. ఇక నావల్ల కాదు. ఆపేద్దాం," అన్నాను.

అతను జాలిగా నా భుజం నిమిరాడు. "అయ్యో, నీకు పడదని ముందే అనుకున్నా. నువ్వు కూర్చో. నేనొక్కణ్ణే వెళ్ళొస్తాలే."

ఒక్కణ్ణే. నేను ఆడిన అబద్ధం నా కళ్ళముందే తలుపు తీసి అతన్ని బయటికి పంపిస్తోంది. "ముందు మరుగుదొడ్డికి వెళ్ళొస్తా" అని అతను అటు తిరిగాడు. నేను షెడ్డు వైపు పరిగెత్తాను. యాభై ఏడేళ్ళదాన్ని, పరిగెత్తి ఎన్నాళ్ళయిందో.

యుప్ ఒక టైరు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఊపిరి అందకుండానే చెప్పాను. "మా ఆయనకి రెండు పక్కలా కనిపించదు. నీటికాసులు. డాక్టరు నడపొద్దంది. అదిగో, ఆ బైకావిడని ఇందాక దాదాపు కంచెలోకి నెట్టేశాడు. అతనికి ఆ సంగతే తెలీదు."

యుప్ నెమ్మదిగా లేచాడు. బట్టముక్కకి చేతులు తుడుచుకున్నాడు.

"ఇది పొద్దున చెప్పాలిగా."

"చెప్పాలి."

"పొద్దున చెప్పుంటే అసలు తాళమే ఇచ్చేవాణ్ణి కాదు. ఇలాంటివి దాస్తారా ఎవరైనా? నువ్వు చదువుకున్నదానిలా ఉన్నావు."

టిక్కు పెట్టింది అతను, తిట్లు నాకు. అయినా యుప్ చెడ్డవాడు కాదు. గబగబా కారు దగ్గరికి నడిచి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. డెట్లెఫ్ వచ్చేసరికి బానెట్ ఎత్తి, లోపలికి తల పెట్టి ఉన్నాడు.

"డెట్లెఫ్, ఏమనుకోకు. ఇంజను వేడెక్కిపోయింది. ఇవాళ్టికి ఇది కదల్దు. మిగతా కార్లన్నీ బయటున్నాయి. నీ మూడు రౌండ్లు వచ్చే వసంతంలో వేసుకో, చీటీ రాసిస్తా."

"ఛ," అన్నాడు డెట్లెఫ్. వెంటనే మొహం వెలిగింది. "నేను మరీ గట్టిగా తోలానేమో?"

"మామూలుగానా! రాక్షసుడిలా తోలావ్."

ఇద్దరూ నవ్వుకున్నారు. యుప్ నా వైపు చూసి కన్ను కొట్టాడు, మనం మనం చూసుకున్నాంలే అన్నట్టు. ఎంత సులువుగా సర్దేశాడు. ఒక మగవాడి ముఖం వాడిపోకుండా ఇంకో మగవాడు నెపం ఇంజను మీద నెట్టేశాడు, వచ్చే వసంతానికి చీటీ కూడా రాసిచ్చాడు. నేను చెప్పిన నిజం ఆ బానెట్ కింద పోయింది. డెట్లెఫ్ ఫోటో తీసుకుంటుంటే యుప్ పక్కకి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు, "ఇంటికి నువ్వే నడుపుతావుగా?"

"అతను ఒప్పుకోడు. నువ్వు చెప్పు."

"నా కారు తాళం నా చేతిలో ఉంది. మీ కారు సంగతి నేనెలా చెప్తాను? మీ ఇంటి వ్యవహారం అది. నువ్వు చూసుకో," అన్నాడు.

మళ్ళీ అదే మాట. నాకప్పుడు అర్థమైన సంగతి ఎంత వింతగా ఉందంటే నవ్వొచ్చింది. లోకంలోకెల్లా ప్రమాదమని పేరున్న రోడ్డు మీద అతని చేతిలోంచి తాళం తీసుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. మా ఊళ్ళో బాలబడి ముందున్న రోడ్డు మీద ఎవరూ లేరు.

మా కారు దగ్గరికి వచ్చాం. "నేను నడుపుతాను," అన్నాను.

"నీకు కడుపులో తిప్పుతోందిగా?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. పక్కసీటు కొంచెం వెనక్కి వాల్చి, కిటికీ కొంచెం దించి, నాకు వీలుగా చేసి, తను స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేను కదలకుండా నిలబడ్డాను. ఎక్కకపోతే అతనొక్కడే వెళ్తాడు. ఎక్కితే వెళ్ళనిచ్చినట్టు. నాకు మూడో దారి తోచలేదు. ఎక్కాను.

నాలుగువందల కిలోమీటర్లు. కుడివైపు ఖాళీ. లారీ. ఆగు. ఇప్పుడు జరుగు. ఎడమ కూడా నేనే చూశాను, సీట్లోంచి సగం లేచి, అతని భుజం మీదుగా. మా ఊరు దగ్గరపడుతుండగా టోర్బెన్ ఫోన్ చేశాడు. డెట్లెఫ్ స్పీకర్లో పెట్టి పది నిమిషాలు ప్రతి మలుపూ వర్ణించాడు. "అమ్మ భయపడిందా?" అని నవ్వాడు టోర్బెన్. "మీ అమ్మ అద్భుతంగా చేసింది, కడుపులో తిప్పేదాకా," అన్నాడు డెట్లెఫ్. నేను ఆ సమయంలో ఒక సైకిలుని చూస్తున్నాను, రోడ్డు పక్క దారిలో, చిన్న ఎర్రజెండా కట్టుకుని పోతున్న ఎవరో పిల్ల. అది దాటిపోయేదాకా ఊపిరి తీసుకోలేదు.

*

సోమవారం పొద్దున అతని కళ్ళలో చుక్కలు వేసి, ముక్కు పక్కన నొక్కిపట్టుకుని, చెయ్యి కడుక్కుని షాపుకి వెళ్ళాను. యజమాని ఇంకా రాలేదు. కంటిపరీక్ష గదిలో తలుపేసుకున్నాను. ఎదురుగా గోడమీద అక్షరాల వరుసలు. జిల్లా లైసెన్సుల ఆఫీసు ఎనిమిదింటికి తెరుస్తారు. ఎనిమిదీ రెండుకి ఫోన్ చేశాను.

అవతల ఒక ఆడగొంతు. తీరిగ్గా, టీ తాగుతున్న గొంతు. ఏం చెప్పాలో రాసుకున్న కాగితం ముందుంది, అయినా తడబడ్డాను. పేరు, ఊరు, పుట్టిన తేదీ చెప్పాను, అతనివి. జబ్బు చెప్పాను, డాక్టరమ్మ మాట చెప్పాను, నిన్నటి బైకు గురించి చెప్పాను. టకటకా టైపు చేసుకుంది.

"మీకిది ఎప్పట్నుంచి తెలుసు?"

"రెండేళ్ళు."

టకటకలు ఆగాయి. ఆ కాసేపు నేను గోడమీద అక్షరాలు చదువుకున్నాను, కింది వరుస దాకా. నా కళ్ళు బాగున్నాయి. రెండేళ్ళుగా బాగానే ఉన్నాయి. చూడాల్సింది చూశాను, చెప్పాల్సిన చోట తప్ప అన్నిచోట్లా చెప్పాను. ఆ పంతొమ్మిదేళ్ళ అమ్మాయి ఏడుపుమొహం గుర్తొచ్చింది. టకటకలు మళ్ళీ మొదలయ్యాయి.

"సరేనండీ. మేం ఆయన్ని పరీక్షకి పిలుస్తూ ఉత్తరం పంపిస్తాం. చెప్పిందెవరో అందులో ఉండక్కర్లేదు. ఇలాంటి వాటిల్లో ఇరుగుపొరుగువాళ్ళు మామూలుగా పేరు చెప్పరు, మేమూ అడగం."

పేరు లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. అవతలి పక్కింటి వాళ్ళతో మాకు కంచెపొదల గొడవుంది. వాళ్ళే చెప్పారనుకుని డెట్లెఫ్ వెళ్ళి వాళ్ళ గేటు ముందు అరుస్తాడు. నేను వెనక నిలబడి "పోనీలే, లోపలికి రా" అంటాను. సాయంత్రం కళ్ళలో చుక్కలు వేస్తూ, "పాపం ఎవరు చేశారో" అంటాను. ఇంజను మీద తోసేసినట్టు ఇదీ పక్కింటి మీదకి పోతుంది. నేను బతికినన్నాళ్ళూ ఆ మాట కడుపులో పెట్టుకుని పక్కసీట్లో కూర్చుంటాను.

"నేను పొరుగింటిదాన్ని కాదండీ," అన్నాను. "భార్యని."

అవతల టీకప్పు సాసరు మీద పెట్టిన చప్పుడు.

"అయితే ఇంకా మంచిదండీ, పేరు లేకుండానే ఉంచుదాం. ఆయనకి తెలిస్తే ఇంట్లో మీకు కష్టమవుతుంది."

"అవుతుంది," అన్నాను. "పేరు రాయండి."